నాన్న పనిచేసిన చోట్లు: ఆస్‌బెస్టాస్ ట్రస్టులకు క్లెయిము వేసిన నా అనుభవం

మా నాన్న మెకానికల్ ఇంజనీరు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి 1970లో అమెరికా వచ్చారు. ఆ తర్వాత పన్నెండేళ్లు టెక్సస్ తీరం వెంబడి రిఫైనరీలు, పవర్ ప్లాంట్లు కట్టే ఒక కంపెనీలో ఫీల్డ్ ఇంజనీరుగా పనిచేశారు. 2021లో ఆయనకు మీసోథీలియోమా అని తేలింది. వేడిని ఆపడానికి వాడే ఆస్‌బెస్టాస్ అనే పీచు ఖనిజం దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తి పొరకు వచ్చే క్యాన్సరు అది. మరుసటి ఏడాది పోయారు. ఆ సరుకు తయారుచేసి దివాలా తీసిన కంపెనీలు బాధితుల కోసం పెట్టిన నిధులను ఇక్కడ ట్రస్టులంటారు. వాటి నుంచి పరిహారం కోసం ఆయన ఉండగా మొదలుపెట్టిన క్లెయిముల పనంతా నేనే చూశాను. ఇప్పటికీ చూస్తున్నాను.

1965లో ఇక్కడి వలస చట్టం మారాక వచ్చిన తొలి తరం తెలుగు ఇంజనీర్లలో చాలామంది ఇలాంటి సైట్లలోనే పనిచేశారు. వాళ్లకిప్పుడు ఎనభై అటూ ఇటూ. ఆస్‌బెస్టాస్ పీల్చిన ఇరవై ఏళ్లకో, యాభై ఏళ్లకో ఈ జబ్బు బయటపడుతుంది. అంటే మన ఇళ్లల్లో దీని వంతు ఇప్పుడు వస్తోంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదట ఆయాసం వచ్చింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు, తీశారు, మళ్లీ చేరింది. ఇండియాలో పుట్టిన మనిషి అనేసరికి అందరి దృష్టీ టీబీ మీదకే పోయింది. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మ పరీక్ష పాజిటివ్ రావచ్చు, నాన్నకూ అలాగే వచ్చింది. దాంతో కొన్ని నెలలు ఆ దారిలోనే గడిచిపోయాయి. తీసిన నీటిలో ఏమీ తేలలేదు. చివరికి కెమెరా గొట్టం లోపలికి పంపి ఊపిరితిత్తి పొర నుంచి ముక్క తీసి పరీక్షిస్తే అప్పుడు తెలిసింది. ఆ ముక్క తీసిన సర్జనే మొదటిసారి అడిగింది, "1970లలో మీరు ఏం పని చేసేవారు?" అని. అంతకుముందు చూసిన డాక్టర్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. సిగరెట్లు తాగారా అని మాత్రం అందరూ అడిగారు. ఈ జబ్బుకు సిగరెట్టుతో సంబంధం లేదు.

నాన్న ఇన్సులేషన్ పని చేసిన మనిషి కాదు. పైపుల లైను, టర్బైను అలైన్‌మెంటు చూసేవారు. కానీ ఆ పని జరిగే చోటే ఇన్సులేటర్లు, అంటే వేడి బయటికి పోకుండా పైపులకు పొర తొడిగేవాళ్లు కూడా ఉండేవారు. పైపుకు తొడిగే ఆస్‌బెస్టాస్ బద్దలు అర్ధచంద్రాకారంలో అట్టపెట్టెల్లో వచ్చేవి. పైపు మెలిక తిరిగిన దగ్గర సరిపోయేలా వాటిని చేతిరంపంతో కోసేవారు. సందుల్లో పూయడానికి బస్తాలో పొడి బకెట్లో కుమ్మరించి నీళ్లు కలిపేవారు. పైపులు కలిపే ఫ్లాంజి విప్పితే మధ్యలో లీకు కాకుండా పెట్టిన పాత గాస్కెట్ అంటుకుపోయి ఉండేది, దాన్ని వైరు బ్రష్షుతో గీకేవారు. "కింద నిలబడి డ్రాయింగు విప్పితే దాని మీద తెల్లగా పడేది. ఉఫ్ అని ఊది చదువుకునేవాళ్లం" అన్నారు నాన్న. ఆ ఊదడం ఆయన చేత్తో చూపించారు, అప్పటికి ఊదేంత ఊపిరి లేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ బట్టలు అమ్మ దులిపి వాషింగ్ మెషిన్లో వేసేది. ఇలా ఇంటికొచ్చిన దుమ్ముతో జబ్బు పడ్డ భార్యలు, పిల్లలు ఉన్నారని డాక్టరు చెప్పాక అమ్మకూ స్కాన్ తీయించాం. దేవుడి దయవల్ల ఇప్పటికి ఏమీ లేదు.

కేసు వేద్దామంటే నాన్న మొదట ససేమిరా అన్నారు. "అన్నం పెట్టిన కంపెనీ తల్లీ, దాని మీద కేసేమిటి?" అన్నారు. నేను ఎన్ని చెప్పినా వినలేదు. క్లెయిము ఉద్యోగమిచ్చిన కంపెనీ మీద కాదు, ఆ సరుకు తయారుచేసి సైట్లకు అమ్మినవాళ్ల మీద అని లాయరు విడమరిచి చెప్పాక కాస్త మెత్తబడ్డారు. పూర్తిగా మనసు మార్చింది మాత్రం ఒక పాత ఉత్తరం. 1935లో రేబెస్టాస్-మాన్‌హటన్ అనే ఆస్‌బెస్టాస్ సరుకుల కంపెనీ ప్రెసిడెంటు సమ్నర్ సింప్సన్, అలాంటిదే అయిన జాన్స్-మాన్విల్ కంపెనీ లాయరు వాండివర్ బ్రౌన్‌కు రాసినది. ఆస్‌బెస్టాస్ గురించి మనం ఎంత తక్కువ మాట్లాడితే మనకు అంత మంచిది అని అందులో ఉంది. 1970ల చివర్లో కోర్టు కేసుల్లో ఆ ఉత్తరాలు బయటికొచ్చాయి. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని రెండోసారి చదివారు. "నేను పుట్టకముందే వీళ్లకు తెలుసన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టారు.

ఇంకో సంగతి కూడా ఆయన్ని కదిలించింది. తయారీదారుల మీద ఈ కేసులకు దారి వేసిన బోరెల్ తీర్పు మా ప్రాంతానిదే. క్లారెన్స్ బోరెల్ ఇన్సులేషన్ కార్మికుడు, టెక్సస్-లూసియానా సరిహద్దులో నాన్న పనిచేసిన లాంటి సైట్లలోనే చేశాడు. కేసు తేలకముందే చనిపోయాడు. 1973లో అప్పీలు కోర్టు, ప్రమాదం గురించి హెచ్చరించని తయారీదారులదే బాధ్యత అంది. ఆ తర్వాత కేసులు వేలల్లో పడ్డాయి. ఆ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన జాన్స్-మాన్విల్ 1982 ఆగస్టులో దివాలా కోర్టుకెళ్లింది. దాని నుంచి పుట్టిందే మాన్విల్ ట్రస్టు, 1988లో. కంపెనీ తన ఆస్తిలో వాటా పెట్టి ఒక నిధి ఏర్పాటు చేస్తుంది, బాధితులకు ఆ నిధే కడుతుంది, ఆ తర్వాత కంపెనీ మీద ఎవరూ కేసు వేయకూడదు. 1994లో దివాలా చట్టంలో 524(జి) అనే సెక్షన్ చేర్చి దీన్ని పద్ధతిగా మార్చారు. ఓవెన్స్ కార్నింగ్, పిట్స్‌బర్గ్ కార్నింగ్, బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్, కంబస్చన్ ఇంజనీరింగ్, డబ్ల్యూ. ఆర్. గ్రేస్, గార్లాక్ అందరూ ఈ దారినే వెళ్లారు. 2011లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తీస్తే దాదాపు 60 ట్రస్టులు తేలాయి.

లాయరును వెతకడం దగ్గర ఒక మాట చెప్పాలి. టీవీలో ప్రకటన చూసి ఫోన్ చేస్తే ఎత్తేది చాలాసార్లు లాయరు కాదు, కేసులు పోగుచేసి ఇంకొకరికి పంపే ఆఫీసు. మొదట మేం మాట్లాడిన చోట రెండు వారాలకో కొత్త మనిషి ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగేవాడు. అక్కడ మానేసి, హ్యూస్టన్‌లో ఈ కేసులే చేసే ఆఫీసుకు నేరుగా వెళ్లాం. డబ్బు వస్తేనే ఫీజు. ట్రస్టుల నుంచి వచ్చేదాంట్లో 25 శాతం అని రాసుకున్నాం. ఖర్చులు ఎవరు భరిస్తారో, ఎప్పుడు కోస్తారో కాగితం మీద రాయించుకోండి. టెక్సస్‌లో జబ్బు సంగతి తెలిసినప్పటి నుంచి కేసుకు రెండేళ్లే గడువు. ఏడుస్తూ కూర్చుంటే అది ఇట్టే అయిపోతుంది.

ఇక కాగితాలు. బయాప్సీ రిపోర్టు ఒకటి ఎలాగూ ఉంటుంది. అసలు కష్టం, మనిషి ఎక్కడ పనిచేశాడో, ఏ సరుకు దగ్గర పనిచేశాడో నిరూపించడం. ప్రతి ట్రస్టుకూ తన కంపెనీ సరుకు వెళ్లిన సైట్ల జాబితా ఉంటుంది. ఫలానా రిఫైనరీలో ఫలానా ఏళ్లలో నాన్న ఉన్నారని చూపిస్తే సగం పని అయినట్టే. జాబితాలో లేని సైటు అయితే సరుకు పేరుతో సహా సాక్ష్యం కావాలి. చాలా ట్రస్టులు 1982 డిసెంబరు 31కి ముందు జరిగిన పనినే లెక్కలోకి తీసుకుంటాయి.

ప్రభుత్వ పింఛన్లు చూసే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు 7050 నంబరు ఫారం పంపితే, ఏ ఏడు ఏ యజమాని ఎంత జీతమిచ్చాడో వివరంగా పంపిస్తారు. నాన్నది వచ్చింది. తీరా చూస్తే పన్నెండేళ్లకూ ఒకటే కంపెనీ, హ్యూస్టన్ హెడ్డాఫీసు అడ్రసు! సైట్ల ఊసే లేదు. ఆ కంపెనీ చేతులు మారి మారి ఇప్పుడు పాత రికార్డులు ఎవరి దగ్గరా లేవు. పైగా పేరు గొడవ. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, పాత సోషల్ సెక్యూరిటీ రికార్డులో అసలు పేరే ఇంటిపేరు, డిగ్రీ పట్టాలో పొడి అక్షరాలు. ముగ్గురూ ఒక్కరే అని అఫిడవిట్ వేయాల్సి వచ్చింది. మన వాళ్లలో ఎవరు క్లెయిము వేసినా ఇది తప్పదు, ముందే చేయించుకోండి.

నాన్నకు సైట్లు గుర్తున్నాయి, ఏళ్లు కలిసిపోయాయి. బ్యూమాంట్ ముందా, పోర్ట్ ఆర్థర్ ముందా? పాసడీనాలో ఉన్నది నేను పుట్టకముందా, తర్వాతా? మందుల మత్తులో ఒకరోజు చెప్పింది ఇంకోరోజు మారేది. ఆ టెన్షన్‌లో కాకినాడ దగ్గర మా ఊళ్లో ఉన్న బాబాయితో ఫోన్లో మాట్లాడుతుంటే, "ఒరేయ్, అన్నయ్య రాసిన ఉత్తరాలన్నీ తాతయ్య ట్రంకు పెట్టెలో ఉన్నాయి కదా" అన్నాడు. (బాబాయి నన్ను చిన్నప్పటి నుంచీ ఒరేయ్ అనే పిలుస్తాడు.) నీలం రంగు ఏరోగ్రామ్‌లు. వెనక పంపినవారి అడ్రసు, ముందు పోస్టాఫీసు ముద్ర, తేదీ. నాన్న సైటు మారినప్పుడల్లా అద్దెగది మారేది, గది మారినప్పుడల్లా ఉత్తరం మీద అడ్రసు మారేది. బాబాయి మనవరాలు వాటిని ఒక్కొక్కటే స్కాన్ చేసి పంపింది. కొన్నింటిని చెద తినేసింది. మిగిలినవి చాలు, ఏ ఊళ్లో ఎప్పటి నుంచి ఎప్పటి వరకో వరసగా దొరికింది. ఒక ఉత్తరంలో తాతయ్యకు ప్లాంటు గురించి రాస్తూ, పైపులకు తెల్లటి బద్దలు చుట్టేవాళ్ల పక్కన నిలబడితే మన పిండిమర దగ్గర నిలబడ్డట్టే ఉంటుందనీ, తలంతా తెల్లబడుతుందనీ రాశారు. లాయరు ఆ ఉత్తరాలకు ధ్రువీకరించిన అనువాదం చేయించి క్లెయిముకు జతచేశాడు.

సరుకు పేర్ల విషయంలో ఇంజనీరు కావడం పనికొచ్చింది. కేలో, థర్మోబెస్టాస్, యూనిబెస్టాస్ అని పెట్టెల మీద చదివినవి నాన్న తడుముకోకుండా చెప్పారు. యూనిబెస్టాస్ తయారుచేసిన ఫ్యాక్టరీ ఒకటి టెక్సస్‌లోనే టైలర్ అనే ఊళ్లో ఉండేది, 1972లో మూసేశారు. నాన్నతో పనిచేసిన ఒక పైప్‌ఫిట్టర్ పోర్ట్ ఆర్థర్ దగ్గర ఉన్నాడని తెలిసి వెళ్లాం. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని తలుపు తీశాడు. ఆయనకు ఆస్‌బెస్టాసిస్, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. నాన్న పేరు వినగానే గుర్తుపట్టి అఫిడవిట్ ఇచ్చాడు.

దుమ్ములో చేతులు పెట్టి పనిచేసినవాళ్లకే పరిహారం అనుకుంటారు మనవాళ్లు. అది నిజం కాదు. అలాంటి పని జరిగే చోటికి దగ్గరగా రోజూ మసిలినవాళ్లను కూడా ట్రస్టులు లెక్కలోకి తీసుకుంటాయి. మీసోథీలియోమా అయితే ఇన్నేళ్లు పనిచేసి ఉండాలన్న నిబంధన కూడా చాలా ట్రస్టులకు లేదు, ఆ కంపెనీ సరుకు దగ్గర ఉన్నట్టు నమ్మదగిన ఆధారం చాలు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు, ఆస్‌బెస్టాసిస్‌కు మాత్రం ఏళ్ల లెక్క అడుగుతారు.

ట్రస్టులతో పాటు, దివాలా తీయకుండా ఇంకా నడుస్తున్న కొన్ని కంపెనీల మీద కోర్టులో కేసు కూడా వేశాం. టెక్సస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం కోర్టు విచారణకు ముందే ట్రస్టుల క్లెయిములు వేసి చూపించాలి. కోర్టు కేసు కోసం నాన్న వాంగ్మూలం వీడియోలో తీసుకున్నారు. మా ఇంటి హాల్లోనే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఎదురుగా తెర నిండా అవతలి కంపెనీల లాయర్లు. పెట్టె మీద పేరు చూశారా, ఏ రంగు అక్షరాలు, మీకెంత దూరంలో కోశారు, పది అడుగులా, ఇరవయ్యా? నాన్న ఓపిగ్గా చెప్పారు. గుర్తులేనిది గుర్తులేదన్నారు. మధ్యమధ్యలో దగ్గు వస్తే ఆపి, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేవారు.

ఒక లాయరు ఇండియా గురించి ఎత్తాడు. పుట్టి పెరిగిన ఇంటి పైకప్పు ఏమిటి? బడి పైకప్పు? హాస్టల్? చుట్టాలెవరైనా ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీలో పనిచేశారా? జబ్బు అక్కడి ఆస్‌బెస్టాస్ రేకుల వల్ల వచ్చి ఉండొచ్చని చూపించి తన కంపెనీ వాటా తగ్గించుకోవాలని వాళ్ల ప్రయత్నం. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మాత్రం, "మాది పెంకుటిల్లు. పెంకులు కాల్చిన మట్టివి, మా ఊరి కుమ్మరి చేసినవి" అని నెమ్మదిగా చెప్పారు. ఆ లాయరు ఇక ఆ దారికి పోలేదు. కానీ రేకుల ఇంట్లో పెరిగిన మనిషి అయితే ఈ ప్రశ్నలు గంటలు సాగేవని మా లాయరు తర్వాత చెప్పాడు. ఇండియా నుంచి వచ్చినవాళ్లు దీనికి సిద్ధంగా ఉండాలి. ఆ కోర్టు కేసు రాజీలతో ముగిసింది. ఎంతకన్నది బయట చెప్పకూడదని షరతు, అందుకే రాయడం లేదు.

ట్రస్టుల డబ్బు గురించి రాయొచ్చు. బయట వినిపించే కోట్లు చూసి ఆశపడకండి. మాన్విల్ ట్రస్టు మీసోథీలియోమాకు కట్టిన విలువ 3,50,000 డాలర్లు. అందులో మాకు చెల్లించింది 5.1 శాతం. అంటే 17,850 డాలర్లు. లాయరు వాటా పోగా 13 వేల పైచిలుకు. మొదట్లో ఈ ట్రస్టు పూర్తి విలువ కట్టేది. రెండేళ్లు తిరక్కుండానే డబ్బు అడుగంటింది, చెల్లింపులు ఆగిపోయాయి. 1995లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు 10 శాతం అన్నారు. రేపు జబ్బు పడబోయేవాళ్లకు కూడా మిగలాలి కాబట్టి శాతం తగ్గిస్తూ పోతారు. లెక్క నాకు అర్థమైంది, కోపం మాత్రం తగ్గలేదు. తెలిసి తెలిసి దాచినవాళ్లు నూటికి ఐదు రూపాయలు కట్టి బయటపడ్డారు, ఆ దుమ్ము పీల్చినవాళ్లు పూర్తిగా కట్టారు.

అందుకే వీలైనన్ని ట్రస్టులకు వేయాలి, ఒక్కోటి ఒక్కో మొత్తం ఇస్తుంది. ఒక్కో దాంట్లో రెండు దారులుంటాయి. త్వరగా చూసేదాంట్లో నిర్ణయించిన విలువే ఇస్తారు. విడిగా పరిశీలించేదాంట్లో వయసు, సంపాదన, ఆధారపడినవాళ్లు ఇవన్నీ చూసి పెంచొచ్చు, తగ్గించనూ వచ్చు, కాలయాపన ఎక్కువ. రిటైరైన మనిషి కాబట్టి మేం మొదటి దారే ఎంచుకున్నాం. నలభై ఏళ్ల వయసులో చిన్నపిల్లలున్న మనిషి అయితే రెండోది ఆలోచించాలి.

నాన్న ఇమ్యునోథెరపీ తీసుకున్నారు. కొన్ని నెలలు బాగానే ఉన్నారు, గోదావరి పుష్కరాల సంగతులు చెప్పేవారు, అన్నం తినేవారు. తర్వాత పనిచేయలేదు. ఆయన పోయేనాటికి మొదటి చెక్కు మాత్రమే వచ్చింది. అప్పటి నుంచి క్లెయిములన్నీ ఆయన ఎస్టేట్ (ఆయన వదిలిన ఆస్తి) పేరుకు మార్చాలి. వీలునామా ఉంది కాబట్టి కోర్టు నుంచి అమ్మ పేరున అధికార పత్రం తేలిగ్గానే వచ్చింది. మరణ ధ్రువపత్రంలో మరణ కారణం దగ్గర మీసోథీలియోమా అని రాయించడం మర్చిపోకండి. ఉత్త శ్వాస వైఫల్యం అని రాస్తే తర్వాత సవరణలకు తిరగాలి. ఇంకొకటి, పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ వైద్యానికి పెట్టిన ఖర్చులో తన వాటా వెనక్కి అడుగుతుంది. ఆ లెక్క తేలేదాకా డబ్బు లాయరు ఖాతాలోనే ఉంటుంది, కంగారు పడొద్దు. ఆ జాబితాలో నాన్న మోకాలి నొప్పి వైద్యం కూడా కలిపేశారు, అభ్యంతరం చెబితే తీసేశారు. ప్రతి పంక్తీ చదవండి.

ఇండియాలో మన దగ్గర ఇలాంటి ట్రస్టు ఒక్కటీ లేదు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు, ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా ఉంచాలనీ, జబ్బు నిర్ధారణ అయినవాళ్లకు లక్ష రూపాయలు ఇవ్వాలనీ చెప్పింది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఆస్‌బెస్టాసిస్ వృత్తి వ్యాధి కింద వస్తుంది. కానీ పులివెందుల వైపు గనుల్లో చేసినవాళ్లు, రోజుకూలీకి రేకులు కోసి బిగించేవాళ్లు ఏ కాగితం చూపిస్తారు? అమెరికా 2024లో క్రిసొటైల్ అనే తెల్ల ఆస్‌బెస్టాస్‌ను నిషేధించింది. ఇండియా ఇప్పటికీ దిగుమతి చేసుకుంటోంది. మన ఊళ్లల్లో ఆ రేకులే కప్పుతున్నారు.

ఇంట్లో అలాంటి పని చేసిన పెద్దవాళ్లుంటే, జబ్బు ఉన్నా లేకున్నా ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఏ ఏడు ఏ ప్లాంటు, పక్కన పనిచేసినవాళ్ల పేర్లు, పెట్టెల మీద చదివిన పేర్లు. ఫోన్లో రికార్డు చేయండి. పాత ఉత్తరాలు, జీతం చీటీలు, ఫొటోలు పారేయొద్దు.

మాకు ఇంకా రెండు ట్రస్టుల నుంచి రావాలి. ఒకటి అదనపు సాక్ష్యం అడిగింది, ఆ పైప్‌ఫిట్టర్ రెండో అఫిడవిట్ ఇచ్చాడు. మొన్న బాబాయి ఫోన్ చేసి, పశువుల పాక మీద పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు పగిలాయి, ఏం చేయమంటావురా అని అడిగాడు. పగలగొట్టకుండా, రంపం పెట్టకుండా, ముందు నీళ్లు కొట్టి బాగా తడిపి, బోల్టులు విప్పి రేకును ఇంకా విరక్కుండా దించమన్నాను. కింద రాలింది పొడిగా ఊడవొద్దు, తడిపి ఎత్తాలి, పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వొద్దు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సరిపోదు. దాళ్వా కోతలయ్యాక దించుతానన్నాడు. మాస్కులు ఇక్కడి నుంచి పంపుతున్నాను.